కీమో నడుస్తుండగా ఇన్సులిన్ మానేయాలా?

మీరు అడిగింది కుదించి చెప్తే ఇది. అమ్మకు 54 ఏళ్లు, ఊరు దేవరకొండ దగ్గర. రొమ్ము క్యాన్సర్‌కు హైదరాబాద్‌లో మూడు వారాలకొకసారి కీమో ఎక్కిస్తున్నారు, రెండు సైకిళ్లు అయ్యాయి. షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది, థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటారు. రెండో కీమో మర్నాడు సాయంత్రం షుగర్ 380 చూపించింది, అక్కడి డాక్టర్ ఇన్సులిన్ రాశారు. మీ చిన్నాయన ఏదో వీడియో చూసి ‘ఇన్సులిన్ క్యాన్సర్‌ను పెంచుతుంది, అది పొడిస్తే కీమో పనిచేయదు’ అంటున్నారు. ఇంకొకరు అన్నం బంద్ చేయమన్నారు. మరొకరు కీమోకు ముందు మూడు రోజులు పస్తు ఉంచమన్నారు. షుగర్‌కు వేసుకునే మెట్‌ఫార్మిన్ మాత్ర క్యాన్సర్‌కు కూడా మందేనట కదా అని చివర్లో అడిగారు.

మీరు టెన్షన్ పడుతున్నారు కాబట్టి జవాబు ముందే చెప్తాను. ఇన్సులిన్ ఆపకండి. పస్తు వద్దు. అన్నం తగ్గించండి, మాన్పించకండి. కారణాలు తీరిగ్గా చదవండి, మీ చిన్నాయనకు కూడా చదివి వినిపించండి.

నేను క్యాన్సర్ డాక్టర్‌ని కాదు. నల్గొండలో షుగర్, థైరాయిడ్ చూసే డాక్టర్‌ని. అయితే హైదరాబాద్‌లో కీమో ఎక్కించుకుని బస్సెక్కి ఇంటికొచ్చాక షుగర్ ఎగబాకితే జనం వచ్చేది మా దగ్గరికే. కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు.

మీ చిన్నాయన మాటలో కొంత నిజం ఉంది. అది ఎంతవరకు నిజమో తెలియకపోవడంతోనే చిక్కు వస్తుంది.

ఇన్సులిన్ రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపుతుందని అందరికీ తెలుసు. అది ఎదుగుదల హార్మోన్‌లా కూడా పనిచేస్తుందని చాలామందికి తెలియదు. కణం మీద హార్మోన్‌ను పట్టుకునే రిసెప్టర్‌కు ఇన్సులిన్ తగులుకోగానే లోపల పీఐ3కే, ఏకేటీ, ఎమ్‌టార్ అనే ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి మేల్కొంటాయి. ‘తిండి ఉంది, పెరుగు, రెండుగా చీలు, చావకు’ అన్నదే అవి మోసుకెళ్లే కబురు. మామూలు కణానికి ఇది కావాలి. క్యాన్సర్ కణానికీ ఆ రిసెప్టర్లే ఉంటాయి, రొమ్ము క్యాన్సర్‌లో చాలాసార్లు మామూలుకంటే ఎక్కువే ఉంటాయి. కీమో మందు కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది, లేదా కణం రెండుగా చీలేటప్పుడు అడ్డం పడుతుంది. ఆ దెబ్బ తర్వాత కణం తనంతట తాను చనిపోవాలి. సరిగ్గా ఆ సమయంలో ఏకేటీ గట్టిగా పనిచేస్తుంటే, కణం దెబ్బ మాన్పుకుని బతికిపోయే వీలుంటుంది. చేలో కలుపు మందు కొట్టిన రోజే యూరియా చల్లితే ఎట్లుంటదో అట్లనే.

దీనికి తోడు ఐజీఎఫ్-1 అనే ఇంకో హార్మోన్ ఉంది. లివర్‌లో తయారవుతుంది, ఇన్సులిన్‌కు దగ్గరి చుట్టం. ఒంట్లో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఐజీఎఫ్-1ను కట్టిపడేసే ప్రోటీన్లు తగ్గుతాయి, దాంతో అది స్వేచ్ఛగా తిరుగుతుంది. ఈస్ట్రోజన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ కూడా ఇన్సులిన్ ఎక్కువైతే తగ్గుతుంది. హార్మోన్ మీద ఆధారపడే రొమ్ము క్యాన్సర్‌కు ఇదీ మంచిది కాదు. ఐజీఎఫ్-1 ఎంత ముఖ్యమో చెప్పడానికి దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ కథ ఒకటి చాలు. అక్కడి కొండ ఊళ్లలో లారాన్ సిండ్రోమ్ అనే పుట్టుక లోపం ఉన్న కుటుంబాలున్నాయి. గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ పనిచేయదు కాబట్టి ఐజీఎఫ్-1 చాలా తక్కువ, మనుషులు చాలా పొట్టి. 2011లో వాళ్ల వివరాలు ప్రచురించారు. సుమారు వంద మందిని ఏళ్ల తరబడి గమనిస్తే షుగర్ జబ్బు ఒక్కరికీ కనపడలేదు, క్యాన్సర్ ఒకే ఒక్కరికి, అది కూడా ప్రాణం తీయలేదు. వాళ్ల బంధువుల్లో మాత్రం రెండూ మామూలుగానే ఉన్నాయి.

ఇక రోగుల మీద చూసినవి. కెనడాలో పమేలా గుడ్విన్ బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. షుగర్ జబ్బు లేని 512 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలకు పరగడుపున ఇన్సులిన్ కొలిచి, ఆ తర్వాత కొన్నేళ్లు గమనించారు. అందరికంటే ఎక్కువ ఇన్సులిన్ ఉన్న పాతిక శాతం మందిలో, అందరికంటే తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే, క్యాన్సర్ వేరే చోటికి పాకడం రెట్టింపు, మరణాలు దాదాపు మూడింతలు. 2004లో అమెరికా నుంచి ఇంకొకటి వచ్చింది. అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్‌కు కీమో తీసుకున్న 278 మంది పెద్దవాళ్లలో మొదటి నెల షుగర్ రెండుసార్లో అంతకంటే ఎక్కువసార్లో 200 దాటినవాళ్లకు జబ్బు అణిగి ఉన్న కాలం సగటున 24 నెలలు, దాటనివాళ్లకు 52 నెలలు. వీడియోలు చేసేవాళ్లు ఇలాంటివే పట్టుకుంటారు. ఈ అంకెలు నిజమే. కానీ రెండు కలిసి కనపడ్డంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలదు. ఇన్సులిన్ ఎక్కువున్నవాళ్లకు పొట్ట కొవ్వు ఎక్కువ, నడక తక్కువ. షుగర్ పెరిగిన ల్యుకీమియా రోగులకు ఇన్ఫెక్షన్లూ ఎక్కువే వచ్చాయి.

ఇప్పుడు అసలు మెలిక. గుడ్విన్ కొలిచిన ఇన్సులిన్ ఆ మహిళల సొంత పాంక్రియాస్ తయారుచేసింది. టైప్-2 షుగర్ ఉన్నవాళ్లలో, ముఖ్యంగా పొట్ట ఉన్నవాళ్లలో, మాత్రలతో గడుపుతున్న రోజుల్లోనే ఇన్సులిన్ ఎక్కువ స్థాయిలో ఉండొచ్చు. కణాలు మొండికేస్తాయి కాబట్టి పాంక్రియాస్ మరింత వదులుతుంది. అంటే ‘ఇంజక్షన్ ఆపితే ఒంట్లో ఇన్సులిన్ ఉండదు’ అనే లెక్క తప్పు. ఆపితే షుగర్ 400 దాటుతుంది, పాంక్రియాస్ ఓపికున్నంత వరకు కొట్టుకుంటుంది, తర్వాత చేతులెత్తేస్తుంది. ఇంజక్షన్ ఇన్సులిన్ క్యాన్సర్ తెస్తుందేమో అని 2009లో గ్లార్జిన్ రకం మీద పెద్ద గొడవే జరిగింది. 2012లో ఆరిజిన్ అనే పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. 12,537 మంది, సగటున ఆరేళ్లకు పైగా. గ్లార్జిన్ తీసుకున్నవాళ్లలో క్యాన్సర్ ఎక్కువ రాలేదు.

ఇంకోటి చెప్పాలి. ఐజీఎఫ్ దారినే మూసేస్తే పోలా అని మందుల కంపెనీలు కూడా అనుకున్నాయి. ఫిగిటుముమాబ్ అనే మందును ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ప్యాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్ కీమోతో కలిపి ఇచ్చి చూశారు. ఆయుష్షు పెరగలేదు సరికదా, తీవ్రమైన దుష్ప్రభావాలు పెరిగాయి. పరీక్ష మధ్యలోనే ఆపేశారు. ఒక తలుపు మూస్తే శరీరం గ్రోత్ హార్మోన్ పెంచి, షుగరూ ఇన్సులినూ పెంచి ఇంకో తలుపు తెరుస్తుంది. ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1981లో ల్యాబ్‌లో రొమ్ము క్యాన్సర్ కణాలకు ఇన్సులిన్ కలిపితే మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఇంకా బలంగా పనిచేసింది. కణాన్ని ఇన్సులిన్ విభజనకు ఉసిగొల్పుతుంది, కీమో విభజించే కణాన్నే కొడుతుంది కదా. దీన్నే పట్టుకుని కొన్నిచోట్ల ‘ఇన్సులిన్‌తో తక్కువ డోసు కీమో’ అని అమ్ముతున్నారు. అది రుజువు కాని వైద్యం, జోలికి పోకండి. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఒకే హార్మోన్ ఒక ప్రయోగంలో మందుకు అడ్డం, ఇంకో ప్రయోగంలో సాయం. ఒక గిన్నెలో కణాలను చూసి మీ అమ్మకు పథ్యం రాయడం కుదరదు.

మీ చిన్నాయన మాట నిజంగా వర్తించే మందు ఒకటుంది, అదీ చెప్తాను. అల్పెలిసిబ్ అనే మాత్ర. కీమో కాదు, పీఐ3కే ప్రోటీన్‌ను నేరుగా ఆపే మందు. అది లివర్‌లో కూడా అదే దారిని ఆపేస్తుంది కాబట్టి షుగర్ అమాంతం పెరుగుతుంది, పాంక్రియాస్ ఇన్సులిన్ కుమ్మరిస్తుంది, ఆ ఇన్సులిన్ గడ్డలో మందు ఆపిన దారినే మళ్లీ తెరుస్తుంది. 2018లో ఎలుకల మీద దీన్ని స్పష్టంగా చూపించారు. అందుకే ఆ మందు వాడేవాళ్లకు ముందు మెట్‌ఫార్మిన్ లాంటివి ఇచ్చి, ఇన్సులిన్‌ను చివరికి ఉంచుకుంటాం. మీ అమ్మ వాడేది అది కాదు. అదే ప్రయోగంలో ఇంకో సంగతి కూడా ఉంది, వీడియోల్లో ఇది రాదు. పిండిపదార్థాలు పూర్తిగా తీసేసి కొవ్వు మీదే నడిపే కీటో తిండి, మందు లేకుండా ఒంటరిగా పెట్టినప్పుడు, ఎలుకల్లో ఒక రకం ల్యుకీమియాను వేగంగా పెంచింది.

కొవ్వు హార్మోన్ల గురించి కొంచెం. పొట్ట మీది కొవ్వు ఊరికే పడి ఉండదు, హార్మోన్లు వదులుతుంది. లెప్టిన్ అనేది కొవ్వు పెరిగేకొద్దీ పెరుగుతుంది. ల్యాబ్‌లో అది క్యాన్సర్ కణాలకు బతికే బలం ఇస్తుంది. అడిపోనెక్టిన్ అనేది మంచిది, ఇన్సులిన్‌ను బాగా పనిచేయిస్తుంది, కొవ్వు పెరిగితే ఇది తగ్గుతుంది. కొవ్వు కణాలు డానోరూబిసిన్ అనే కీమో మందును తామే లాగేసుకుని విరిచేయగలవని కూడా చూశారు. మనుషుల్లో దీనికి దగ్గరగా వచ్చింది లాస్ ఏంజిలెస్ పిల్లల ఆస్పత్రి డాక్టర్లు 2021లో ప్రచురించిన ఐడియల్ పరీక్ష. ల్యుకీమియా ఉన్న 10 నుంచి 21 ఏళ్ల పిల్లలు 40 మందికి మొదటి నెల కీమోలో తిండి కొలత, వ్యాయామం పెట్టారు. నెల చివర ఎముక మజ్జలో మిగిలిన జబ్బు కణాలు అంతకుముందు వైద్యం పొందినవాళ్లకంటే తక్కువ మందిలో కనిపించాయి. ఇన్సులిన్ మొండితనం తగ్గింది, అడిపోనెక్టిన్ పెరిగింది. చిన్న పరీక్షే, పైగా ల్యుకీమియాది. కానీ ఈ మొత్తం విషయంలో నాకు ఆశగా కనపడేది ఇదే. డైటీషియన్, డాక్టర్ పక్కనుండి చేయించిన తిండి కొలత అది, ఇంట్లో పెట్టుకున్న పస్తు కాదు.

సరే, ఇప్పుడు మీ అమ్మ 380 సంగతి. అది క్యాన్సర్ వల్లా కాదు, అన్నం వల్ల మాత్రమే కూడా కాదు. కీమోకు ముందు వాంతులు రాకుండా, అలర్జీ రాకుండా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. మన ఊళ్లలో ‘డెక్సా’ అంటే అందరికీ తెలుసు. ఇది కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్‌కు బలమైన రూపం. లివర్‌ను చక్కెర తయారుచేయమని తోస్తుంది, కండలను చక్కెర తీసుకోకుండా ఆపుతుంది. దాని ప్రభావం రోజున్నర దాటి ఉంటుంది. ఈ షుగర్‌కు ఒక ప్రత్యేకమైన తీరు ఉంది. ఉదయం పరగడుపున అంతగా పెరగదు, మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు మండిపోతుంది.

హాలియా వైపు నుంచి వచ్చే ఒకామె నోట్‌బుక్ నాకు గుర్తు. ఎంతో శ్రద్ధగా రోజూ పొద్దున ఆరింటికి చూసి రాసుకుంది: 124, 131, 118, 127. అంతా బాగుందనుకున్నారు. నోరు ఆరిపోతోంది, రాత్రి నాలుగైదు సార్లు లేవాల్సి వస్తోంది, చూపు మసక అంటుంటే అది కీమో నీరసం అనుకున్నారు. మేం సాయంత్రం నాలుగింటికి చూస్తే 368. ఆమెకు రాత్రి వేసుకునే ఇన్సులిన్ రాసి ఉంది. అది పొద్దుటి షుగర్‌ను దించుతుంది, పెరిగేదేమో పగలు. ఇన్సులిన్‌ను పొద్దుటికి, మధ్యాహ్నం తిండికి మార్చాక దారికొచ్చింది. మీరూ కీమో రోజు, ఆ తర్వాత మూడు రోజులు పరగడుపున, మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు, రాత్రి అన్నానికి ముందు, పడుకునే ముందు చూసి టైమ్‌తో సహా రాయండి. కీమో డాక్టర్‌కు ఆ కాగితం చూపించండి. ఒక్క పరగడుపు అంకెతో ఎవరూ ఏమీ చెప్పలేరు.

డెక్సా ప్రభావం మూడు నాలుగు రోజులకు దిగిపోతుంది. షుగర్ కూడా దిగుతుంది. అప్పుడూ అదే డోసు ఇన్సులిన్ పొడుస్తూ పోతే, పైగా వాంతులతో తిండి తినకపోతే, షుగర్ 70 కిందికి పడిపోతుంది. చెమటలు, వణుకు, కంగారు, మాట తడబడటం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ చూడండి, పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా దవాఖానాకు తీసుకెళ్లండి. కాబట్టి మీ డాక్టర్‌ను అడగాల్సింది ‘ఇన్సులిన్ ఆపాలా’ అని కాదు, ‘డెక్సా రోజుల్లో ఎంత, తర్వాతి రోజుల్లో ఎంత’ అని. రెండు లెక్కలూ కాగితం మీద రాయించుకోండి. వాంతులు అంతగా తెప్పించని కీమో అయితే రెండో రోజు నుంచి డెక్సా తగ్గించే వీలుందేమో కూడా అడగొచ్చు. అడగడం వరకే. సొంతంగా మానేయకండి. కొన్ని రకాల ల్యుకీమియా, లింఫోమా (రక్త క్యాన్సర్లు) వాళ్లకైతే స్టెరాయిడ్ కూడా క్యాన్సర్‌ను చంపే మందే, అక్కడ ఈ మాట అస్సలు వర్తించదు.

నా ఉద్దేశంలో హార్మోన్లు కీమోను దెబ్బతీసే పెద్ద దారి ఏకేటీ కాదు, కీమో ఆలస్యం కావడం. ఇటలీలోని మిలాన్‌లో బొనడోనా బృందం రొమ్ము క్యాన్సర్ కీమో తీసుకున్నవాళ్లను ఇరవై ఏళ్లు గమనించి 1995లో రాసింది. అనుకున్న డోసులో కనీసం 85 శాతం పడ్డవాళ్లకే అసలు లాభం కనపడింది, బాగా తగ్గించినవాళ్లకు పెద్దగా లేదు. మన దగ్గర డోసు ఎట్లా తగ్గుతుందో చూడండి. షుగర్ 350 ఉంటే తెల్లకణాల పని మందగిస్తుంది, కీమోతో వాటి సంఖ్య ఎట్లాగూ పడిపోతుంది, మూత్రంలోనో ఊపిరితిత్తుల్లోనో ఇన్ఫెక్షన్ పడుతుంది, వారం అడ్మిట్, మూడో కీమో రెండు వారాలు వాయిదా. షుగర్‌తో ముందే తిమ్మిర్లు ఉన్నవాళ్లకు ప్యాక్లిటాక్సెల్ ఎక్కించాక అరికాళ్లు మరీ మొద్దుబారతాయి, డోసు తగ్గించాల్సి వస్తుంది. ఇన్సులిన్ ఇంజక్షన్ వల్ల కణంలో జరిగే సూక్ష్మమైన మార్పు ఏదైనా ఉంటే ఉండొచ్చు. షుగర్ అదుపు తప్పి కీమో వాయిదా పడితే జరిగే నష్టం కళ్లకు కనిపిస్తుంది. ఈ తూకంలో ఇన్సులిన్ వైపే మొగ్గుతాను. కీమో రోజుల్లో నేను మామూలు సమయమంత కఠినంగా పోను. తిన్నా తినకపోయినా ఎక్కువసేపు 180 దాటకుండా, 100 కిందికి జారకుండా ఉంటే తృప్తిపడతాను. జ్వరం 100.4 దాటితే మాత్రం అర్ధరాత్రయినా సరే, ఊళ్లో సూది వేయించి చూద్దాం అనుకోకుండా కీమో ఇచ్చిన ఆస్పత్రికి ఫోన్ చేయండి.

లావుగా ఉన్నవాళ్ల గురించి ఒక మాట. ‘బరువెక్కువ, పూర్తి డోసు తట్టుకోలేదు’ అని డోసు కోసే అలవాటు ఒకప్పుడు ఉండేది. అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం 2012లోనే అసలు బరువు ప్రకారం పూర్తి డోసు ఇవ్వాలని చెప్పింది. ఈ లోగా బరువు తగ్గించే పథకాలు పెట్టుకోకండి. కీమోలో ఊరికే బరువు తగ్గితే ముందు పోయేది కండ. చక్కెరను పీల్చుకునేది ఆ కండే కాబట్టి షుగర్ ఇంకా మొండికేస్తుంది, మందు కూడా ఎక్కువ బాధ పెడుతుంది.

తిండి. పస్తు సంగతి ముందు తేలుద్దాం. నెదర్లాండ్స్‌లో 131 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలతో ఒక పరీక్ష జరిగింది, 2020లో ఫలితాలు వచ్చాయి. కీమోకు ముందు మూడు రోజులు, కీమో రోజు చాలా తక్కువ కేలరీల తిండి పెట్టారు. స్కానింగ్‌లో గడ్డ కరగడం కొంత మెరుగ్గా కనిపించింది, కానీ దుష్ప్రభావాలు అనుకున్నట్టు తగ్గలేదు, చాలామంది మధ్యలో ఆ తిండి మానేశారు. షుగర్ ఉన్నవాళ్లను అందులో అసలు చేర్చుకోలేదు. ఇన్సులిన్ మీదున్న మీ అమ్మను పస్తు ఉంచితే షుగర్ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

రోజుకు ఒక పూట అన్నం, ఒక పూట జొన్న రొట్టె చాలు. రొట్టె అయినా కొలత ఉండాలి, జొన్న కదా అని నాలుగు తింటే అన్నానికీ దానికీ తేడా ఏం మిగలదు. ప్రతి పూటా పప్పో, గుడ్డో, చేపో, పెరుగో ఉండాలి. రుచి తెలియడం లేదంటే కొంచెం పుల్లగా, మామిడికాయ పప్పో చింతచిగురు పప్పో పెట్టండి. జావ తాగిస్తే మంచిదని బెల్లం వేసి రాగి జావ గ్లాసులు గ్లాసులు పోస్తారు. జావ పల్చనైతే చక్కెర ఇంకా తొందరగా ఎక్కుతుంది, బెల్లం చక్కెరకు తీసిపోదు. మజ్జిగ కలిపి ఉప్పు వేసి ఒక చిన్న గ్లాసు ఇవ్వండి. ఇక బత్తాయి. మన జిల్లాలో రోగిని చూడటానికి వచ్చేవాళ్లు బత్తాయిల సంచి లేకుండా రారు. వాటిని పిండితే ఒక గ్లాసుకు మూడు నాలుగు పడతాయి, పిప్పి పోయి చక్కెర మిగులుతుంది. కడిగి, ఒలిచి ఒక కాయ తొనలు తింటే తప్పు లేదు. జ్యూస్ మాత్రం షుగర్ పడిపోయినప్పటికే ఉంచండి. కల్లు బలమని ఎవరైనా తెచ్చినా వద్దు. తెల్లకణాలు తగ్గిన ఒంటికి అది ఇన్ఫెక్షన్, ఇన్సులిన్ మీదున్నవాళ్లకు సారా అయినా కల్లయినా షుగర్‌ను ఉన్నట్టుండి పడేస్తుంది.

నీరసంగా ఉందని ఊళ్లో గ్లూకోజ్ బాటిల్ ఎక్కించే అలవాటు కూడా చెప్పాలి. అరలీటరు 5 శాతం బాటిల్‌లో 25 గ్రాముల చక్కెర ఉంటుంది, నేరుగా రక్తంలోకే. అందులోనే బలానికని ఒక డెక్సా కలిపితే సాయంత్రానికి మీటర్ ‘హై’ చూపిస్తుంది. నిజంగా నీళ్లు తగ్గి ఉంటే చక్కెర లేని సెలైన్ ఉంటుంది, అది కూడా కారణం చూసి ఎక్కించాలి.

తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు వాకిట్లో నడిపించండి. ఓపిక ఉన్న రోజుల్లో కుర్చీలోంచి చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేపి కూర్చోబెట్టండి. కెనడాలో 242 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలతో చేసి 2007లో ప్రచురించిన పరీక్షలో, బరువులతో వ్యాయామం చేసినవాళ్లకు అనుకున్న కీమో డోసు ఎక్కువగా పూర్తయింది. మందు కాదు, ఖర్చు లేదు.

మెట్‌ఫార్మిన్ విషయంలో చాలా ఆశ పెట్టుకున్నాం. ఇన్సులిన్ తగ్గిస్తుంది కదా, క్యాన్సర్ కూడా తగ్గాలి అని. 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులు, షుగర్ లేనివాళ్లు, ఐదేళ్లు మెట్‌ఫార్మినో ఉత్తుత్తి మాత్రో తీసుకున్నారు. 2022లో ఫలితం వచ్చింది, క్యాన్సర్ తిరగబెట్టడంలో తేడా లేదు. ఈ పరీక్ష నడిపింది కూడా ఇన్సులిన్ ప్రమాదాన్ని మొదట చూపిన ఆ గుడ్విన్‌గారే. కాబట్టి షుగర్ కోసం అయితే వేసుకోండి, క్యాన్సర్ మందు అనుకుని డోసు పెంచకండి. వాంతులు, విరేచనాలు ఎక్కువైనప్పుడు, కిడ్నీ పరీక్ష తేడాగా వచ్చినప్పుడు, కాంట్రాస్ట్ (రంగు మందు ఎక్కించి తీసే) స్కాన్ ఉన్నప్పుడు ఆపాలేమో డాక్టర్‌ను అడగాలి. గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మాత్ర ఉంటే ఇంకా జాగ్రత్త. తెల్లవారుజామున అది వేసుకుని, ఏమీ తినకుండా దేవరకొండలో బస్సెక్కి, కీమో వార్డు ముందు వరసలో కూర్చుని షుగర్ పడిపోయినవాళ్లున్నారు. ఆ రోజు తిన్నాకే మాత్ర, సంచిలో చక్కెర పొట్లం. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రలు వాడుతుంటే తినలేని రోజుల్లో ఆపాలి. షుగర్ 200 లోపే ఉన్నా ఒంట్లో కీటోన్ ఆమ్లాలు పేరుకుని ప్రమాదం కావచ్చు, పైగా మూత్రం దారిలో ఇన్ఫెక్షన్ వస్తుంది.

మీటర్ స్ట్రిప్పులు ఖరీదు అనిపిస్తే అన్ని రోజులూ నాలుగుసార్లు చూడక్కర్లేదు, డెక్సా రోజులకు దాచుకోండి. మామూలు రోజుల్లో ఒకటి చాలు. మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షను కీమోలో గుడ్డిగా నమ్మకండి. రక్తం తగ్గినప్పుడు, రక్తం ఎక్కించినప్పుడు అది తప్పు అంకె చూపుతుంది.

చివరగా థైరాయిడ్, మీరు అడగలేదు గానీ అమ్మ మాత్ర వేసుకుంటారు కదా. థైరాయిడ్ హార్మోన్ ఒంట్లో అన్ని పనుల వేగాన్నీ నడుపుతుంది. అది తక్కువైతే నీరసం, మలబద్ధకం, బరువు పెరగడం వస్తాయి, కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఇవన్నీ కీమో వల్లే అనుకుని వదిలేస్తారు. నీరసం మరీ ఎక్కువైతే టీఎస్‌హెచ్ పరీక్ష ఒకసారి చేయించండి. ముందు ముందు ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే) మందులు ఇస్తే ఇంకా తప్పనిసరి, ఎందుకంటే అవి థైరాయిడ్‌ను దెబ్బతీయొచ్చు, అరుదుగా పాంక్రియాస్‌ను కూడా. మాత్ర పొద్దున్నే పరగడుపున నీళ్లతో వేసి, అరగంట నుంచి గంట వరకు టీ కూడా ఇవ్వకండి. కీమోలో రాసిన కాల్షియం, ఐరన్ మాత్రలను దానికి నాలుగు గంటల దూరంలో, మధ్యాహ్నం భోజనం తర్వాత వేయండి. ఈ రెండూ కలిపి పొద్దున్నే మింగిస్తే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు.